తాలు కాయలు

మరిపెడ నుంచి మహబూబాబాద్ వెళ్లే బస్సు రైల్వే గేటు దగ్గర ఆగిపోయింది. కిటికీకీ, పక్కాయన మిర్చి బస్తాకీ మధ్య మోకాళ్లు ఇరుక్కుని, గేటువాణ్ణి తిట్టుకుంటూ కూర్చున్నాను.

"ఏం కొలువు జేస్తరు సారూ?" అని అడిగాడాయన.

అణ్వాయుధాలు పెరగకుండా ఏం చేస్తున్నాయో దేశాలు ఎవరి నివేదిక వాళ్లే రాసిస్తాయని, వాటిని మిగతావాళ్లు ప్రశ్నించవచ్చా అని చర్చలు నడుస్తున్నాయని, ప్రశ్నలు వద్దనే పక్షం తరఫున మాట్లాడటమే నా ఉద్యోగమని చెప్పాను.

ఆయన నవ్వలేదు. బస్తా మూతికి కట్టిన దారం విప్పాడు.

"చెయ్యి పెట్టున్రి. అడుగుదాంక."

మోచేతి దాకా పెట్టి గుప్పెడు తీశాను. పైనున్నవన్నీ ఎర్రటి కాయలు. నా గుప్పిట్లో తెల్లబారిన తాలు కాయలు రెండు వచ్చాయి.

"నేనే చూపిస్తే అవి రెండు తాలు కాయలే. మార్కెట్ల ఖరీదుదారు తీసిండంటే బస్తా మొత్తం మీద అనుమానమే. అందుకే నేనే ముందుగాల చెయ్యి పెట్టుమంట."

గేటు తెరిచేదాకా చెయ్యి మండుతూనే ఉంది.

తర్వాతి సమావేశంలో, ప్రశ్నలు వద్దనేవాళ్లను చేతులెత్తమన్నారు. నాకొచ్చిన ఆదేశం మారలేదు. మండిన చెయ్యే ఎత్తాను.