తీర్పు బొమ్మలో మా అమ్మ

డెబ్బైల్లో బెజవాడలో మా చర్చి సంఘానికి ఒక పెద్ద ఉండేవాడు. రైసుమిల్లు ఆసామి. ఆయన లెక్కలో దేవుడు కూడా మిల్లు గుమాస్తాయే. ఎవర్ని లోపలికి రానివ్వాలో ఈయన చెబితే ఆయన రాసుకోవాలి.

మా నాన్న పోయాక అమ్మ గవర్నర్‌పేటలో ఒక సినిమాహాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేది. ఆ జీతంతోనే మా ఇద్దరికీ అన్నం. అది పాపపు పనన్నాడు పెద్ద. మానుకుంటేనే ప్రభు సంస్కారంలో రొట్టె ఇస్తామన్నాడు. అమ్మ మానలేదు. మానితే మేం ఏం తినాలి, ఈయన భక్తా?

అప్పుడు ఆయనగారికి ఒక బుద్ధి పుట్టింది. ఎప్పుడో ఒక దొరసాని వదిలిపోయిన పుస్తకంలో నాలుగైదు వందల ఏళ్ళనాటి అచ్చుబొమ్మ ఉంది, తీర్పు దినం బొమ్మ. క్రీస్తు కుడిచేతి వైపు మోక్షానికి పోయేవాళ్ళు, ఎడమచేతి వైపు మనుషుల రూపంలో నరకం నోట్లో పడే పాపాలు. పిసినారితనం అక్కడ మెడకి డబ్బుసంచి తగిలించుకున్న లావుపాటి మనిషి. సంఘంలో పంచడానికి ఆ బొమ్మని మళ్ళీ అచ్చు వేయిస్తూ, అతన్ని తీసేసి, అక్కడ చేతిలో టిక్కెట్ల కట్టతో ఒక ఆడమనిషిని పెట్టమన్నాడు. కుడివైపు ముందు వరసలో తన మొహం పెట్టించుకున్నాడు. ఏం సిగ్గులేని మనిషో!

అచ్చు కోసం చెక్క మీద బొమ్మ చెక్కే ఆయన, కాగితం మీద కుడి ఎడమవుతుంది, తిప్పి చెక్కమంటారా అని అడిగాడట. దేవుడి బొమ్మని తిప్పడానికి నువ్వెవరివి, ఉన్నదున్నట్టు చెక్కు అని కసిరాడట మా పెద్ద. ఆయన అలాగే చెక్కాడు. కాగితం మీద అచ్చు పడేసరికి అంతా తారుమారైంది. మా అమ్మ క్రీస్తు కుడిచేతి వైపుకొచ్చింది, పెద్ద ఎడమవైపు ముందు వరసలో నిలబడ్డాడు. చూసుకోకుండానే ఆదివారం ఆ కాగితాలు అందరికీ పంచిపెట్టాడు. విషయం తెలిశాక, బొమ్మని అద్దంలో చూసుకోండి అని వేదిక మీంచి చెప్పాడు కూడా. పైగా నవ్వకుండా చెప్పాడు.

వారమంతా సంఘం ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. దేవుడే తీర్పు తిప్పేశాడు వదినా అన్నారు. అమ్మ ఆ మాట నమ్మింది.

తర్వాతి ఆదివారం సంస్కారం. పెద్ద రొట్టె పళ్ళెం పట్టుకుని వరసలో వచ్చాడు. అమ్మ చెయ్యి చాపింది.

"అది ప్రెస్సువాళ్ళ పొరపాటమ్మా. నీ చోటు మారలేదు," అన్నాడు.

నా చేతిలో ముక్క పెట్టి, పక్క ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. మా ఇంట్లో నవ్విన ఆడవాళ్ళంతా బుద్ధిగా తలవంచుకుని తీసుకుని నమిలారు. థూ, అదీ ఒక సంఘమేనా! నోట్లో ముక్క రుమాల్లోకి ఉమ్మేసి బయటికొచ్చాను.

అమ్మ వెనకాలే వచ్చి నా రెక్క పట్టుకుంది. "ఆయన మీద కోపం రొట్టె మీద చూపిస్తావా? అది ఆయన మిల్లులోదా?" అంది. తర్వాత మ్యాట్నీకి టైమైందని హాలుకి వెళ్ళిపోయింది.

నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. అమ్మ మాత్రం ప్రతి సంస్కారానికీ వెళ్ళి, అదే వరసలో కూర్చుని, ఆయన ముందు చెయ్యి చాపుతూనే ఉంది.