మనవాళ్ళెవరూ రాని వైనరీ

"వందనాలు అంకుల్" అన్నాను. అనాలని అన్నది కాదు. ఆదివారం చర్చి గుమ్మంలో ఆయన కనబడితే ఎలా నోటికొస్తుందో అలాగే వచ్చేసింది. ఆయన అప్పటికి నావైపు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. రెండడుగులు వెనక్కి వేసి, తలుపు తోసుకుని బయటికి జారుకుని ఉంటే నాకు ఏ గొడవా ఉండేది కాదు. నా కుడిచేతిలో వైన్ గ్లాసు ఉన్న సంగతి, మాట పూర్తయ్యాక గుర్తొచ్చింది. మా చర్చి పెద్ద నిదానంగా ఇటు తిరిగారు. "వందనాలు బాబూ" అన్నారు. ఆయన చేతిలోనూ ఒక గ్లాసు ఉంది. (నా గ్లాసు కంటే కాస్త నిండుగానే ఉంది. పత్రికలో పనిచేసినవాణ్ణి, ఇలాంటి వివరాలు వదిలిపెట్టను.)

ఆ రోజుల్లో అమెరికాలో, శాంటా క్లారాలో పెళ్ళికాని తెలుగు కుర్రవాడికి రెండు జీవితాలుండేవి. ఒకటి ఫోటోల్లో కనిపించేది. రెండోది, ఫోటో తీసే ముందు టేబుల్ మీది సీసాలు కిందికి దింపేది. నా పరిస్థితి ఇంకాస్త ఇరుకు. మాది ఒంగోలు దగ్గర. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో రెండేళ్ళు పనిచేసి, తర్వాత ఇక్కడికొచ్చి చదువుకుని, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎవరూ చదవని మాన్యువల్స్ రాసే పనిలో కుదిరాను. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటల పుస్తకాలు పంచేవాణ్ణి. అలా వినయంగా పంచడం ఎవరో చూసి, ఎవరికో చెప్పగా, షామ్‌బర్గ్‌లో ఒక సంబంధం కదిలింది. అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. నాలుగుసార్లు వీడియోలో మాట్లాడుకున్నాం. "మీరు నిజంగా న్యూస్‌పేపర్‌లో వర్క్ చేశారా? సో కూల్. మరి ఎందుకు వదిలేశారు?" అని అడిగింది. అమెరికా వచ్చాక నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. మూడోసారి మాట్లాడాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగోసారి మాట్లాడాక, ఈ సంబంధం తప్పిపోతే నేనేమైపోతానా అని భయం పట్టుకుంది.

వాళ్ళ నాన్నగారు పెట్టిన షరతు ఒక్కటే. "అబ్బాయికి ఏ అలవాట్లూ ఉండకూడదు." లేవని చెప్పవలసింది మా చర్చి పెద్ద. ఆదివారం సాయంత్రం షామ్‌బర్గ్‌కి ఫోన్ చేసి నా గుణగణాలు చెబుతానని ఆయన మాటిచ్చారు. సరిగ్గా దానికి ముందు రోజు, శనివారం, మేం ముగ్గురు రూమ్మేట్లం ద్రాక్షతోటలూ, వైన్ చేసి రుచి చూపించే వైనరీలూ ఉండే వైన్ కంట్రీకి బయల్దేరాం. మానేయవచ్చు కదా అని మీరడగవచ్చు. మా ముగ్గురిలో పెద్దవాడు, కరీంనగర్ అన్న, మర్నాడే చాండ్లర్‌లో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాడు. అతనికి ఇదే వీడ్కోలు. ప్రతి పనికీ ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచేవాడు కాబట్టి అతన్ని ఎక్సెల్ అన్న అనేవాళ్ళం. రెండోవాడు రాజమండ్రి కుర్రవాడు. వెంకటేశ్వరస్వామికి మొక్కు వల్ల శనివారం మద్యం ముట్టడు. అందుకని అతను శనివారం స్వామి. కారు నడపడానికి మెలకువగా ఉన్న మనిషి కావాలి కనుక, మా విహారయాత్రలన్నీ శనివారాలే పెట్టేవాళ్ళం. ఏడుకొండలవాడి దయ ఈ విధంగా ఒక క్రైస్తవుడికి కూడా అందుతూ ఉండేది.

ఉన్నది ఒక్క రోజు, చూడగలిగేది మూడు వైనరీలు. ఎక్సెల్ అన్న నలభై పేర్లు రాశాడు. రేటింగు, దూరం, రిజర్వేషన్, బాత్రూములు, నీడలో పార్కింగు, ఒక్కోదానికి ఒక్కో గడి. నా లెక్కకు మాత్రం ఒకటే గడి, అది ఎవరికీ చూపించనిది: అక్కడికి మనవాళ్ళు వస్తారా, రారా? రాజుల కోటలా కట్టిన వైనరీని మొదటే కొట్టేశాను. ఇండియా నుంచి వచ్చిన ప్రతి అత్తగారినీ అక్కడికే తీసుకెళతారు. పిల్లలు ఆడుకోవడానికి పచ్చిక ఉందంటే కొట్టేశాను. రివ్యూలు రాసినవాళ్ళ ఇంటిపేర్లు చదివాను. ఫోటోలు పెద్దవి చేసి, వెనక ఎక్కడైనా స్టీలు డబ్బా, మంకీ క్యాపు, స్నీకర్ల మీద కట్టిన పట్టుచీర కనిపిస్తాయేమోనని వెతికాను. (డెస్కులో ఉండగా ఒక్క వార్తనైనా ఇంత శ్రద్ధగా నిర్ధారించుకోలేదు.)

"ఏందిరా నీ లొల్లి? దీనికి నాలుగు పాయింట్ ఎనిమిది ఉంది. ఎందుకొద్దంటున్నవ్?" అన్నాడు ఎక్సెల్ అన్న.

"బాత్రూములు బాగాలేవంట అన్నా."

"ఎవడు జెప్పిండు?"

"రివ్యూలో రాశారు."

"ఏ రివ్యూల? చూపెట్టు."

"ఎందుకండీ గొడవ?" అన్నాడు శనివారం స్వామి. "నాకెలాగూ తీర్థం లేదు. నీడలో పార్కింగ్ ఉంటే ఎక్కడైనా పులిహోర తినేసి పడుకుంటాను."

చివరికి రాజీ కుదిరింది. మొదటి రెండూ ఎక్సెల్ అన్న ఇష్టం, మూడోది నా ఇష్టం. నేను ఎంచింది మట్టిరోడ్డు చివర ఉన్న ఒక చిన్న వైనరీ. మొత్తం పదకొండు రివ్యూలు, అందులో రెండు యజమాని బంధువులు రాసినవని శైలి చూస్తేనే తెలుస్తుంది.

మొదటి రెండు చోట్లా తలనొప్పి అని చెప్పి కారు దిగలేదు. టోపీ కళ్ళ మీదికి లాక్కుని, శనివారం స్వామి పులిహోరలో సగం తినేశాను. రెండోచోట కారు పక్కనుంచి ఒక తెలుగు కుటుంబం నడిచి వెళ్ళింది. సీటులో కిందికి జారిపోయాను. నా ముందుచూపుకు నేనే మురిసిపోయాను. మూడోచోటికి చేరేసరికి తలనొప్పి మాయమైంది. మిగతా ఇద్దరూ తోటలో ఫోటోలు తీసుకుంటుంటే, నేను దొరబాబులా ముందు లోపలికి నడిచాను. కౌంటరు దగ్గరి వెండిజుట్టు పెద్దావిడ ఒక గ్లాసులో పోసి, ఇందులో తోలు, తడిమట్టి, పొగాకు వాసనలు తెలుస్తాయని చెప్పింది. మాది పొగాకు పండే ఊరు. పదోతరగతి దాకా నా చొక్కాలన్నీ ఆ వాసనే వేసేవి. దానికోసం రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చానన్నమాట. రుచి చింతపండు నానబెట్టిన నీళ్ళలా ఉంది. అద్భుతం అన్నాను. అని, కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాతి సంగతి మొదటే చెప్పాను.

ఇద్దరం గ్లాసులు దాచే ప్రయత్నం చేయలేదు. దాచడానికి చోటు లేదు. "ఫ్రెండ్స్‌తో వచ్చానంకుల్. తోటలు చూద్దామని" అన్నాను.

"నేనూ అంతే. పిల్లలకి సండే స్కూల్లో ద్రాక్షతోట గురించి చెప్పాలి. చూడకుండా ఎట్టా చెబుతాం?"

"ఆంటీ రాలేదా?"

"చర్చి ఆడవాళ్ళ రిట్రీట్‌కి వెళ్ళింది. ఇక్కడ ప్రశాంతంగా ఉంటది. మనవాళ్ళెవరూ రారు" అన్నారు.

"అవునంకుల్, అందుకే..." అని నాలుక కరుచుకున్నాను.

వెండిజుట్టు పెద్దావిడ అప్పుడే ఆయన దగ్గరికి వచ్చింది. కిందటి వారం రాలేదేమని అడిగింది. "మీ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు సుమా" అంది. ఆమె వెళ్ళేదాకా అంకుల్ కిటికీలోంచి ద్రాక్షపందిళ్ళను తీక్షణంగా పరిశీలించారు. "ఈవిడ అందరితోనూ ఇట్టాగే అంటది" అన్నారు. తర్వాత, నేను రోజంతా వినకూడదనుకున్న మాట అన్నారు. "షామ్‌బర్గ్ ఆయనకి రేపు సాయంత్రం ఫోన్ చేస్తున్నా బాబూ."

నేను బదులు చెప్పేలోగా తలుపు భళ్ళున తెరుచుకుంది. "అరే, తలనొప్పి పోయిందారా? నాకు జెప్పకుండ మొదలువెట్టినవ్!" అంటూ ఎక్సెల్ అన్న వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. అంకుల్ నా గ్లాసు వైపు ఒకసారి, తన గ్లాసు వైపు ఒకసారి చూసి, "దేవుడు నిన్ను దీవించును గాక" అని తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను గ్లాసు కింద పెట్టేసి కారెక్కాను. ఇంటిదాకా షామ్‌బర్గ్ అమ్మాయి ముఖం కళ్ళ ముందు చిన్నదవుతూ పోయింది.

మర్నాడు చర్చిలో ప్రభు సంస్కారపు పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడిచింది ఆయనే. చిన్న చిన్న గిన్నెల్లో ద్రాక్షరసం. నా ముందు ఆగారు. ఇద్దరం పళ్ళెం వైపే చూశాం. ఆ రోజు పాటల పుస్తకాలు తలకిందులుగా పంచానని తర్వాత ఎవరో చెప్పారు.

రాత్రి భోజనం వేళకు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "డాడీ ఓకే అన్నారు! అంకుల్ మీ గురించి జస్ట్ వన్ సెంటెన్స్ చెప్పారంట. డాడీ ఫుల్లుగా నవ్వారు. ఏంటో మాత్రం చెప్పట్లేదు."

ఆ పైన జరిగింది సాధారణమైన పెళ్ళి, సాధారణమైన సంసారం. పెళ్ళైన మొదటి నెలలోనే నా భార్యకు వైనరీ సంగతంతా చెప్పేశాను. తను నవ్వలేదు. "దీనికోసం కార్‌లో దాక్కున్నారా?" అని అడిగింది. పన్నెండేళ్ళుగా అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంది. అంకుల్ నిరుడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆఖరి రోజుల్లో చూడడానికి వెళ్ళినప్పుడు ఆ మాటేమిటో అడగాలనుకున్నాను. ఆంటీ పక్కనే కూర్చుని ఉన్నారు. అడగలేదు.

ఇప్పుడు నేను చర్చి కమిటీలో ఉన్నాను. జుట్టు నెరిసింది, గొంతు కాస్త గంభీరమైంది. గుమ్మంలో పిల్లలు నన్ను చూసి సర్దుకుని నిలబడుతుంటే, టోపీ కింద దాక్కుని పులిహోర తిన్న ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడిమీద కాస్త జాలి కూడా. మొన్న డాలస్ నుంచి ఒకాయన ఫోన్ చేసి, మా చర్చిలోని ఒక కుర్రవాడి గురించి చెప్పమన్నారు. అలవాట్లేమైనా ఉన్నాయా అని. మళ్ళీ ఫోన్ చేస్తానన్నాను. ఆ కుర్రవాడి రెండో జీవితం గురించి నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. మామగారిని అడిగాను. "ఆయన ఆ రోజు మీతో ఏం చెప్పారో ఇప్పుడైనా చెప్పండి, పనికొస్తుంది."

"అది నిన్ను చూసి చెప్పిన మాట. ఇంకొకళ్ళకి అతకదు" అన్నారాయన.

డాలస్ ఆయనకు నేనింకా తిరిగి ఫోన్ చేయలేదు.