నూట యాభై పేజీలు, పైన అరవై తరుగు

నా సినిమా కథను ఒక్క పేజీ కూడా చదవకుండా వెనక్కి పంపారు. పొడుగైందట. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది, నా కోపం మాత్రం అంగుళం తగ్గలేదు. మొన్న ఫోన్లో ఒక వీడియోలో ఎవరో ఒకాయన, స్క్రీన్‌ప్లే ఇన్ని పేజీలే ఉండాలని వేలు చూపించి పాఠం చెబుతుంటే అన్నం ముందు నుంచి లేచిపోయాను. (పప్పు బాగుంది కాబట్టి మళ్లీ వచ్చి కూర్చున్నాను.)

ఆ రోజుల్లో ఈ లోకాన్ని సరిగ్గా తూచగలిగేవాళ్లు ఇద్దరే అని నా నమ్మకం. ఒకరు దేవుడు, రెండోవారు ఆర్మూరు పసుపు మార్కెట్లో కాంటా దగ్గర నిలబడే మా మేనమామ. ఏడో తరగతితో బడికి దండం పెట్టిన నన్ను తన పక్కన దడ్వాయిగా, అంటే తూకం వేసేవాడిగా, పెట్టించింది ఆయనే. నేను తూకం వేస్తూ, చేతికి దొరికిన ప్రతి కాగితమూ చదివేవాణ్ణి. బజ్జీల పొట్లమై వచ్చిన ఒక సినిమా పత్రిక ముక్కలో నా తలరాత కనిపించింది: పేజీకి ఒక నిమిషం, రెండున్నర గంటల సినిమాకు నూట యాభై పేజీలు. దాని కింద ఇంకేముందో నూనె మరక మింగేసింది.

వేరే ఊరివాడైతే నూట యాభై రాసి ఊరుకునేవాడు. నేను మార్కెట్ మనిషిని. మా దగ్గర ఏ బస్తా అయినా తూగినంత తూగదు. తేమకు కొంత, మట్టికి కొంత, గోనెకు కొంత, కొనేవాడు చేయి పెట్టి తీసిన పిడికెడుకు కొంత తీసేస్తారు. దాని పేరు తరుగు. పసుపుకే ఇంత తరుగుంటే హైదరాబాదులో సినిమాకు ఎంత ఉండాలి? నిర్మాత తేమ అంటాడు, దర్శకుడు మట్టి అంటాడు, హీరో శాంపిల్ పేరు చెప్పి పిడికెడు పట్టుకుపోతాడు. అందుకని పైన అరవై కలిపి రెండు వందల పది పేజీలు రాయాలని తేల్చుకున్నాను. ఆ అరవైలో పదకొండు పేజీలు పసుపు ఉడకబెట్టడమే. కొమ్ములు ఉడికేదాకా హీరోయిన్ నోరు తెరవదు. మా ఊరి గుట్ట మీది నల్లరాళ్లపై నాలుగు పాటలు పెట్టాను. (ఎండాకాలం మధ్యాహ్నం ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా నిలబెడితే ఎవరికైనా నాట్యం దానంతటదే వస్తుంది.)

మామకు ఇదేదీ నచ్చలేదు. నాకు మస్కట్లో పని కుదిర్చి పాస్‌పోర్టు కూడా చేయించి పెట్టాడు. హమాలీలు నన్ను ‘సిన్మా’ అని పిలవడం (“ఏ సిన్మా, కాంటా మీదికెల్లి కాలు తియ్యి, నువ్వు గుడ తూగుతున్నవ్”) ఆయనకు తలవంపులు. నేను సగం రాస్తుండగా ఒకరోజు అన్నం ముందు కూర్చుని తేల్చేశాడు.

“దసర దాక చూస్త. గాళ్లు రమ్మంటె పో, నేనేం ఆప. లేకుంటె మాత్రం విమానం ఎక్కుడే.”

నేను సరేనన్నాను. నాలుగుసార్లు కడిగినా పోని పసుపు చేత్తో అన్నం కలుపుకుంటూ ఆయన అత్త వైపు తిరిగాడు. “రేపటికెల్లి కూరల పసుపు ఎయ్యకు. నా చెయ్యే సాలు.” ఆ ముచ్చటను తీసుకెళ్లి తొంభై ఏడో పేజీలో పెట్టాను. కథకు అక్కర్లేదు, ఎలాగూ తరుగు కింద పోయేదే కదా అని.

పూర్తయిన కట్టను గోనె ముక్కలో పెట్టి దబ్బనంతో కుట్టి, బస్తా మీద బరువు రాసినట్టు పైన ‘210 పేజీలు’ అని ఎర్ర రంగుతో రాసి, హైదరాబాదులో ఒక దర్శకుడి ఆఫీసుకు పంపాను. నెల తిరక్కుండా తిరిగొచ్చింది. కుట్టు కూడా విప్పలేదు. పైన ఒక చీటీ: ‘నూట యాభై పేజీలు మించరాదు. చదవబడలేదు.’ చదవబడలేదట. చదవలేదని చెప్పడానికి కూడా అక్కడ ఒక మనిషి లేడు.

ఒళ్లు మండింది. మా దగ్గర పుచ్చిన పసుపునైనా బస్తా విప్పి, చేయి పెట్టి, ఒక కొమ్ము విరిచి చూసి అప్పుడు కాదంటారు. ఆ మాటే రాశాను. అరవై పేజీల తరుగు మీ హక్కు, తీసుకోండి, కానీ కుట్టు విప్పి తీయండి అని రాసి, అదే కట్టకు జోడించి మళ్లీ పంపాను.

దర్శకుడి జవాబు దసరాకు ముందు రోజు వచ్చింది. మామే తెచ్చాడు. రమ్మన్నారా అని అడిగితే లేదన్నాను. అయితే ఏమన్నారో చదవమన్నాడు. చదివాను. ఆయన తన కుడి అరచేతిని తిప్పి తిప్పి చూసుకుని, ఒకసారి వాసన చూసుకున్నాడు. నేను మాట తప్పకుండా విమానం ఎక్కాను, పదకొండేళ్లు మస్కట్లో సిమెంటు మోశాను. ఆ ఉత్తరం మాత్రం పెట్టె అడుగున నాతోనే పోయి నాతోనే వచ్చింది. ఇప్పటికీ కోపం వచ్చినప్పుడు తగువుకు సాక్ష్యంగా బయటికి తీస్తాను. తీసి చదివాక, ఎవరి మీద కోపమో గుర్తుండదు.

“అయ్యా, మీరు చెప్పినట్టే కుట్టు విప్పి, తరుగు తీసి చదివాను. తొంభై ఏడో పేజీ మిగిలింది. మిగతా కట్ట వెనక్కి పంపుతున్నాను. ఆ పేజీ, మీరు తిడుతూ రాసిన పేజీన్నర ఉత్తరం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. రెండూ కలిపి రెండున్నర పేజీలు. నిడివి సరిపోయింది.”