డేగను మార్చని బ్రహ్మయ్య

నరసరావుపేటలో నేను వీడియో గేమ్స్ కొట్టు పెట్టింది 1988లో. అంతకు ముందు అక్కడ ఎరువుల కొట్టుండేది. గోడలకు సున్నం వేయించినా యూరియా కంపు వదల్లేదు. ఆ కంపునైనా భరించాను గానీ బ్రహ్మయ్యను భరించడం నా వల్ల కాలేదు.

బ్రహ్మయ్యది గురజాల వైపు ఊరు. వయసంతా ఆసాముల పుంజుల్ని మేపడానికీ, పందెంలో పట్టడానికీ సరిపోయింది. ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పగలడని పేరు. చెప్పినవన్నీ ఓడిపోవడం మొదలయ్యాక ఆసాములు పొమ్మన్నారు. పేటకొచ్చి పడ్డాడు. అప్పట్నుంచీ ఇంట్లో కూలి చేసేది భార్య మల్లమ్మ ఒక్కతే. మేస్త్రి కింద కంకర తట్టలు మోస్తుంది. ఈయన మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కొని పొద్దున్నే నా కొట్లో దిగబడేవాడు.

నా కొట్లో ఉన్నది మద్రాసు నుంచి తెప్పించిన మిషన్. ఆటలో ముగ్గురు మనుషులు: ఎర్రోడు, నల్లోడు, పచ్చోడు. గోతులు దూకుతూ, గట్లెక్కుతూ, మీద పడే బండల్ని తప్పించుకుంటూ ఆగకుండా పరుగెత్తాలి. పరుగెత్తేది ఒక్కడే. మీట నొక్కితే వాడు పక్కకు పోతాడు, ఇంకొకడొస్తాడు. తెర కింద ఓ పక్కన కూర్చున్నవాడికి మళ్ళీ బలం వస్తుంది. అలా మారుస్తూ పోతేనే ఆట సాగేది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి బ్రహ్మయ్య తలకెక్కలేదు.

"బరిలోకి దించిన పుంజును మధ్యలో తీత్తారంట్రా? పరువు పోదా?" అనేవాడు.

పందెం పుంజుల్ని రంగును బట్టి పిలిచినట్టు, ఆయన లెక్కలో ఎర్రోడు డేగ, నల్లోడు కాకి, పచ్చోడు నెమలి. వారం చూసుకొని ఒకణ్ణి ఎంచుకునేవాడు. వాడు చచ్చేదాకా వాడితోనే ఆట. చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

అదైనా సరే అనుకుందాం. తెర మీద వాడు అలిసి వగర్చడం మొదలుపెట్టగానే ఈ మహానుభావుడు చెంబెత్తి, నీళ్ళు పుక్కిట పట్టి, అద్దం మీద తుప్పున ఊదేవాడు. పందెంలో సొమ్మసిల్లిన పుంజు మొహాన ఊదినట్టు! పొగాకు నమిలిన నోరది. అద్దం మీద గోధుమరంగు చారలు కారేవి.

"కరెంటు మిషన్ మావా, చస్తావు!" అని అరిచేవాణ్ణి.

"నీళ్ళు కొడితేనే లేస్తదిరా," అనేవాడు. తుడుచుకునేది నేను.

ఒక బుధవారం సాయంత్రం మల్లమ్మ కొట్లోకి వచ్చింది. కాళ్ళకు సిమెంటు ఎండిపోయి ఉంది. తట్ట కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు కూడా తీయలేదు. నిలబడలేక గోడకు ఆనుకుంది.

"ఏమయ్యా, రేపు స్లాబు. ఇంట్లోంచి ఎవరో ఒకరు రాకపోతే ఇంక పనిలోకే రావద్దన్నాడు మేస్త్రి. నాకేమో జొరం, ఒళ్ళు కాలిపోతంది. రేపొక్కరోజు నువ్వు పో."

బ్రహ్మయ్య తల కూడా తిప్పలేదు. "పుంజును పట్టిన చేతులే ఇయ్యి. తట్ట మోయమంటావా? మాత్రేసుకొని నువ్వే పో."

ఛీ, వీడూ ఒక మొగుడేనా అనుకున్నాను. మల్లమ్మ మిషన్ దగ్గరికి వచ్చింది. తెర వంక చూసింది. ఎర్రోడు నడుం వంచి వగరుస్తున్నాడు. బ్రహ్మయ్య చెంబెత్తి నోరు నింపుకుంటున్నాడు.

"తమ్ముడూ, ఆ కింద కూకున్న ఇద్దరెవరు?" అని నన్నడిగింది.

"వాళ్ళూ ఆయన మనుషులే అక్కా. ఇదిగో, ఈ మీట నొక్కితే వస్తారు. ఎర్రోడు పోయి కాసేపు కుదుటపడతాడు."

"మరి నొక్కడేం?"

"పరువంట."

మల్లమ్మ చెయ్యి చాపి మీట నొక్కింది. నల్లోడు దూకాడు. నోట్లో నీళ్ళు గుటుక్కున మింగేసి బ్రహ్మయ్య హ్యాండిల్ పట్టుకున్నాడు. నల్లోడు పుష్టిగా ఉన్నాడు కాబట్టి ఈయన ఎన్నడూ దాటని గొయ్యి దాటేశాడు.

"చూశావంట్రా! బుధవారం కాకిదే! నే చెప్పలా?" అని తొడ చరిచాడు.

పొద్దుట్నుంచీ డేగ, డేగ అని చంపిందీ ఆ నోరే. ఇంత సిగ్గులేని మనిషిని నేను పల్నాడంతా వెతికినా చూడలేను.

మల్లమ్మ తన చుట్టకుదురు తీసి ఆయన నెత్తిన పెట్టింది. "నేను పక్కకు పోతన్నా. రేపు నువ్వు," అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఏమీ జరగనట్టే మళ్ళీ నా కొట్టుకే వచ్చాడు. మిషన్లో వేసే బిళ్ళల డబ్బాకు తాళం వేసి, "స్లాబు పోసొస్తేనే నీకు ఆట," అన్నాను. మల్లమ్మ జ్వరానికి కదలనివాడు దానికి కదిలాడు.

మధ్యాహ్నం, రోడ్డవతల స్లాబు దగ్గర్నుంచి కొట్లోకొచ్చి బల్ల మీద కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నిండా సిమెంటు.

"ఒరేయ్ కోటేశ్వర్రావా, మెడ ఇరిగిపోతందిరా. మల్లమ్మకు కబురంపు. మిగతా పూటైనా అది మోస్తది."

ఇంకా మల్లమ్మేనా!  చెంబెత్తి, నీళ్ళు పుక్కిట పట్టి, ఆయన మొహాన తుప్పున ఊదాను.

"నీళ్ళు కొడితేనే లేస్తదన్నావుగా. లే మావా. ఇయాల నీ వారమే."

బ్రహ్మయ్య లేచాడు. చుట్టకుదురుతో మొహం తుడుచుకొని, దాన్నే మళ్ళీ నెత్తిన పెట్టుకొని, స్లాబు పోస్తున్న చోటికి రోడ్డు దాటాడు.