తుఫాను వారం ధర

రాజమండ్రిలో ఎకనామిక్స్ ఎమ్మే చదివిన రెండేళ్లలో నాకు బాగా వంటబట్టింది మా ఎకనామెట్రిక్స్ మాష్టారి మీద అసహ్యం ఒక్కటే. తను చదువుకునే రోజుల్లో రాసుకున్న నోట్సు తెచ్చి, కామాలతో సహా చెప్పి రాయించేవారు. ఒకరోజు రెండు పేజీలు ఒకేసారి తిప్పేశారు. ఒక సమీకరణం సగంలో తెగి ఇంకోదానికి అతుక్కుంది. ఆయన గమనించలేదు. నేను లేచి అడిగితే, "అలాగే రాయండమ్మా, దిద్దేది నేనే కదా" అన్నారు.

చేత్తో తిప్పి లెక్కలు కట్టే యంత్రం ఒకటి డిపార్టుమెంటులో ఉండేది. వాడితే పాడవుతుందని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. మేం లాగ్ టేబుళ్ల మీద కళ్లు పోగొట్టుకున్నాం.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి బియ్యం ధరల హెచ్చుతగ్గులు తీసుకున్నాను. మండపేటలో మా బాబాయి బియ్యం బ్రోకరు. ప్రతి శనివారం ఆనాటి ధర డైరీలో రాసుకోవడం ఆయనకు ఎన్నేళ్లుగానో అలవాటు. సెలవుల్లో వాళ్లింట్లో కూర్చుని ఆరేళ్ల ధరలు ఎక్కించుకున్నాను. మూడు వారాలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. తుఫానుకి రోడ్లు తెగిపోయి, మిల్లులు ఆగిపోయి, బజారే తెరవని వారాలవి.

ఆ ఖాళీలు చూసి మాష్టారు మొహం చిట్లించారు. ముందు ధరకీ తర్వాతి ధరకీ మధ్యన ఏదో ఒక అంకె వేసెయ్యమన్నారు. తుఫాను వెలిశాక ధర ఒక్కసారిగా ఎగిరిన వారాలు గ్రాఫులో ధరల పోకడ చూపే గీతకి దూరంగా పడుతున్నాయని వాటిని తీసెయ్యమన్నారు. ఖాళీగా ఉన్న వారాల్లో అసలు బజారే లేదని చెప్పాను.

"గీత చక్కగా రావాలమ్మా. బజారుతో మనకేం పని?" అన్నారు.

ఆయన చెప్పినట్టే చేశాను. నాకు ఫస్టు క్లాసు కావాలి మరి. ఆ విషయంలో నన్ను కూడా నేను వదిలిపెట్టను. గీత చక్కగానే వచ్చింది. దాన్ని బాబాయికి చూపిస్తే చాలాసేపు చూసి ఒకచోట వేలు పెట్టారు.

"ఈ వారం మేమంతా మిల్లు మేడ మీద తలదాచుకున్నాం కదమ్మా. ఈ ధరకి ఎవరమ్మారు?"

వెక్కిరించడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు.

ఫస్టు క్లాసు వచ్చింది. మరుసటి ఏడాది రాజమండ్రిలోనే జరిగిన ఒక సదస్సులో మాష్టారు నా ప్రాజెక్టుని తన వ్యాసంగా చదివారు. ఎలాంటి ఒడిదుడుకులొచ్చినా డెల్టాలో బియ్యం ధర నిలకడగానే ఉంటుందని తేల్చారు. తుఫాను తర్వాత గింజ దొరక్క నూకలు కాచుకు తాగినవాళ్లు ఉన్న జిల్లాలో నిలబడి ఆ మాట అన్నారు. సూట్లు వేసుకున్న పెద్దమనుషులు చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో లేచి, బజారు మూసేసిన వారం ధర ఎక్కడిదండి అని అడిగాను.

ఆయన తడుముకోలేదు. "అంకెలు మా స్టూడెంట్ సేకరించిందండి. తప్పేమన్నా ఉంటే ఆవిడదే" అన్నారు.

"ఆ స్టూడెంట్‌ నేనేనండి. ఆ అంకె వెయ్యమన్నది మీరు."

అధ్యక్షుడు వాచీ చూసుకుని టీ విరామం ప్రకటించాడు. అందరూ బిస్కెట్ల బల్ల చుట్టూ మూగారు. మాష్టారు నా పక్కనుంచి వెళ్తూ, కోపం ఆవగింజంతైనా లేకుండా, రీసెర్చి సీటు కావాలంటే వచ్చి కనపడమన్నారు. అంతవరకూ ఆయన సిగ్గుపడతారేమోనని నాకు ఎక్కడో చిన్న ఆశ ఉండేది.

నేను వెళ్లలేదు. బ్యాంకు పరీక్ష రాసి క్లర్కుగా చేరాను. కొన్నేళ్లకి ఆయన రిటైరవుతున్నారని, సన్మానానికి చందా పంపమని పాత విద్యార్థుల తరఫున కార్డు వచ్చింది. పంపనని, కారణం ఆయన్నే అడగమని తిరుగు టపాలో రాశాను.