సువార్తమ్మ కుండలో సున్నం

ఒక మంచినీళ్ళ కుండ బరువు ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల చివరి మాట. గుంటూరు ఊరి చివర, బెజవాడ పాసింజరు కాసేపు ఆగే చిన్న స్టేషను. మిర్చి కొట్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళు సాయంత్రం అక్కడే రైలు కోసం కూర్చునేవాళ్ళు. గాలినిండా ఘాటు. పత్తి మిల్లు నుంచి తేలివచ్చిన దూది పీచు పట్టాల మీద మెల్లగా వాలేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్లాట్‌ఫారం నేల మీద కాక ఎక్కడో గాలిలో ఉన్నట్టుంటుంది. రైలు వచ్చిందో లేదో గుర్తుండదు. కుండ గుర్తుంటుంది.

కుండ సువార్తమ్మది. పట్టాలవతల దళితుల పేటలో ఉండేది. కానుగ చెట్టు కింద కుండ పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, వచ్చినవాళ్ళకల్లా నీళ్ళు పోసేది. పైసా తీసుకునేది కాదు. ఆ నీళ్ళకు దగ్గు తగ్గుతుందని చుట్టుపక్కల బజార్లన్నీ నమ్మాయి. పేట గడప తొక్కనివాళ్ళు కూడా ఆమె గ్లాసుతోనే తాగేవాళ్ళు.

నేను మా హేతువాద సంఘంలో పేరున్న వక్తను. మహిమ అన్న మాట వినబడితే అక్కడ మైకు పెట్టేవాళ్ళం. స్టేషను బయట సభ పెట్టాం. నిజం చెప్పడానికి ఏం కావాలి? పొద్దంతా మిరప దుమ్ములో కూర్చున్న గొంతులో చల్లటి నీళ్ళు పడితే హాయిగా ఉంటుంది, అంతే. ఆ ఒక్క మాట చాలు. కానీ ఆ మాటకు చప్పట్లు పడవు.

అందుకని, ఆమె టీకొట్టు దగ్గర గ్లాసు కడుక్కుంటుండగా, నేను కుండలో సున్నపు తేట పోశాను. నేనే. సంఘంలో ఎవరికీ తెలియదు.

తర్వాత ఆ కుండను సభ మధ్యకు తెప్పించి, అందరి ఎదుటా పసుపు వేశాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. దిష్టినీళ్ళు కలిపిన ప్రతి ఇల్లాలికీ అర్థమైపోయింది, మహిమ పేరు చెప్పి ఆమె నీళ్ళలో సున్నం కలుపుతోందని.

"ఏందమ్మో సువార్తమ్మా, సున్నం సరే, ఆకూ వక్కా ఏవీ?" అని ఎవరో అరిచారు. జనం విరగబడి నవ్వారు.

ఆమె ఏడవలేదు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అయ్యా, తమరు చదువుకున్నోళ్ళు. పొద్దున పసిపిల్లలు కూడా తాగారు ఈ నీళ్ళు. ఆళ్ళకేం కాదు గదా?"

"ఏం కాదు" అన్నాను.

ఎందుకు కాదో నాకు తెలుసు. పొద్దున ఆ నీళ్ళలో సున్నం లేదు. చెప్పడానికి అదే అదను. చెప్పలేదు.

ఆమె కుండ వంచేసి వెళ్ళిపోయింది. "ఇన్నాళ్ళూ పేట నీళ్ళు తాగాం, ఖర్మ!" అన్నారు, నాకు చప్పట్లు కొట్టినవాళ్ళే. ఆ తర్వాత ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకున్నారు. కులం పోవాలని నేను గొంతు చించుకున్న సభలేవీ చెయ్యని పని ఆ గ్లాసు చేసింది. దాన్ని నేను ఆపేశాను.

ఏం గెలిపించాను? నిజాన్నా? నిజానికి నా సున్నం అవసరమేమిటి? చీరాలలో, ఒంగోలులో, ఎక్కడ మాట్లాడినా ఈ కథే చెప్పించుకునేవాళ్ళు, చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించేది. కలలో మాత్రం పట్టాల మధ్య ఎర్రటి నీళ్ళు పారేవి, ఆగని రైలు కిటికీల్లోంచి ఆడవాళ్ళు ఖాళీ గ్లాసులు చాపేవాళ్ళు.

కొన్నేళ్ళకు పేటకు వెళ్ళాను. ఇల్లు చూపించారు. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు విని, గుమ్మం ముందునుంచే తిరిగొచ్చేశాను. ఆమె పోయిందని తర్వాత తెలిసింది. పరలోకం ఉందని నేను నమ్మను. అక్కడైనా క్షమిస్తుందిలే అనుకునే సుఖం నాకు లేదు.

పేట దాటితే ఆమె మనవలను ఇప్పటికీ 'సున్నం సువార్తమ్మ మనవలు' అంటారట.

ఆ సున్నం నాది. ఆమె పేరు ముందునుంచి తీసి నా పేరు ముందు పెట్టుకుంటున్నాను. కాస్త ఊపిరాడుతోంది.