ఇద్దరూ ఒక్కసారే చెయ్యి కడుక్కోవడానికి లేచారు

ఇటాలియన్ భోజనం మీద నాకు పెద్ద గౌరవం లేదు. అదే మైదాపిండిని మూడు రూపాల్లో తెచ్చిపెట్టి మూడు పేర్లు చెబుతారని నా ఫిర్యాదు. అయినా కార్ఖానా రోడ్డులో మేడ మీదున్న ఆ చిన్న హోటల్‌కి నెలకోసారి వెళ్తాం. జేబుకు భారం కాదు, ఎంతసేపు కూర్చున్నా లేవమనరు.

వెళ్లేది ఒకే బడిలో పనిచేసే ముగ్గురం. ఒకామెది బోయిన్‌పల్లి. కూరగాయల మార్కెట్ పక్కనే పెరిగింది కాబట్టి హోటల్ మెనూ చూసినా బేరమాడాలనే అనుకుంటుంది. రెండో ఆమె క్రిస్టియన్. ప్రార్థన అయ్యేదాకా తను తినదు, మమ్మల్నీ తిననివ్వదు. మూడోదాన్ని నేను, లెక్కల టీచర్ని. నేరేడ్‌మెట్‌లో రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. యాభై దాటాయి.

పెళ్లి కాలేదా అని ఎవరైనా జాలి పడితే, నేనే వద్దన్నానని చెబుతాను. వయసులో ఉన్నప్పుడు చూడవచ్చినవాళ్లలో కొందరిని నిజంగానే వద్దన్నాను. కొందరు బజ్జీలు తిని వెళ్లి మళ్లీ కబురే పెట్టలేదు. ఆ రెండో రకాన్ని నేను లెక్కలోకి తీసుకోను. నా పెళ్లి ఊసు మళ్లీ ఎత్తితే ఊరుకోనని ఈ ఇద్దరికీ ఏనాడో చెప్పేశాను.

పోయిన నెల బోయిన్‌పల్లి ఆమె ఫోన్ చేసి, "ఆ నీలం పట్టుచీర కట్టుకోవే" అంది.

"పాస్తా తినేటందుకు పట్టుచీరేందే?"

"కట్టుకోమంటే కట్టుకో. ఊకె సతాయించకు."

మెట్లెక్కి వెళ్లేసరికి మా బల్ల దగ్గర ఒక మగమనిషి కూర్చుని ఉన్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, చొక్కా చేతులు శుభ్రంగా మడిచిపెట్టుకున్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

"మా ఆయన దోస్తు," అంది బోయిన్‌పల్లి ఆమె. "యాప్రాల్‌ల ఒక్కడే ఉంటడు. మనతోని తింటడని పిలిచిన."

నాకు ఒళ్లు మండింది. నెలకొక్క పూట, దాంట్లోకీ ఇంకొకరా అనుకున్నానే గానీ, అంతకుమించి ఏమీ తట్టలేదు.

ప్రార్థన మొదలైంది. "ప్రభువా, ఈ భోజనాన్ని ఆశీర్వదించు. ఈ బల్ల దగ్గర కొత్తగా కలిసినవాళ్లను సుత నీ చేతిల పెడుతున్న." ఎప్పుడూ లేని రెండో మాట ఎందుకొచ్చిందా అని ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది. అప్పటికీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

పిజ్జా వచ్చింది. తలా ఒక ముక్క అయిందో లేదో ఇద్దరూ ఒక్కసారే లేచారు.

"చెయ్యి కడుక్కొనొస్తం. మీరు జెర మాట్లాడుకుంటుండ్రి."

మేం తింటున్నది ఫోర్కులతో. ఎవరి చేతికీ ఏమీ అంటుకోలేదు. మాట్లాడుకుంటుండమనే ఆ మాట నేను ఇంతకుముందు విన్నాను. మా ఇంటి ముందుగదిలో పెద్దవాళ్లు ఒకరు మొక్కలు చూడ్డానికని, ఇంకొకరు మంచినీళ్లకని లేస్తూ సరిగ్గా అదే అనేవారు. ఈ వయసులో, ఈ బల్ల దగ్గర, నాకు పెళ్లిచూపులు! కోపంతో చెవులు వేడెక్కిపోయాయి. ఆయనకు చెప్పాల్సిన మాట నాలుక చివర సిద్ధంగా పెట్టుకుని తలెత్తాను.

ఆయనే ముందు మాట్లాడాడు. "మేడం, మీకు సుత చెప్పకుండనే తీస్కొచ్చినట్టున్నరు. నాక్కూడ ఇప్పుడే సమజైంది. తప్పు అనుకోవద్దు, సాఫ్ చెప్తున్న. నాకు మళ్లీ పెళ్లి చేసుకునే ఇరాదా లేదు. మీరని కాదు, ఎవరైనా గంతే."

హమ్మయ్య అనుకోవాలి కదా. నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. అది నేను చెప్పాల్సిన మాట. నేనెప్పుడడిగాను ఈయన్ని? అసలు నాకు కావాలనుకుంటేగా? మరి కళ్లెందుకు మండుతున్నాయో అర్థం కాలేదు. వాళ్లిద్దరూ అటు వెళ్లి ఎంతసేపైందని, ఆ కాసేపట్లోనే ఆ మడిచిన చొక్కా చేతుల వంక చూసి నేనూ ఏదో లెక్క వేసుకున్నానా? నా మీద నాకే నమ్మకం పోయింది.

వాళ్లు వెలిగిపోతున్న మొహాలతో తిరిగొచ్చారు. "ఏమంటరు మరి?"

నేను నోరు తెరవకముందే ఆయన ఫోర్కు కింద పెట్టాడు. "మేడంకు ఇష్టం లేదమ్మా. బలవంతం చెయ్యకుండ్రి."

ఆయన నా వైపు చూడలేదు. మిగిలిన గార్లిక్ బ్రెడ్ ముక్కను రెండుగా తుంచి, పెద్దది నా ప్లేటులో పెట్టాడు.

తిరుగు దారిలో ఆటోలో ఇద్దరూ నన్ను దులిపేశారు. "బంగారమసొంటి మనిషి. మొహం మీదనే వద్దంటవా? గంత పొగరేందే నీకు?"

ఒక్క మాటంటే నాలుగనే మనిషిని నేను. ఆటో తిరుమలగిరి దాటేదాకా ఆ నీలం చీర కొంగు మడుస్తూ కూర్చున్నాను.

"అవునే," అన్నాను చివరికి. "నేనే వద్దన్నా."

ఆటో చప్పుడులో వాళ్లకు వినపడలేదనుకుంటాను. ఏమన్నావని మళ్లీ అడిగారు. రెండోసారి చెప్పలేకపోయాను.